వింటున్న ముఖాలు

మార్చి 3, సోమవారం

గోడకి ఇరవై ఫొటోలకు మించి పట్టవట. లైబ్రరీ హాలు చూసుకునే ఆవిడ టేపు పట్టి కొలిచి మరీ చెప్పింది. "ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడాలి సార్, లేకపోతే చాకిరేవులా ఉంటుంది" అంది. నేను నడిపేది లాండ్రీ అని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

మూడేళ్లుగా తీసినవి. ప్రతి ఆదివారం వేదిక మీద గ్రంథం పక్కనే కెమెరా పెట్టి, దాని తీగ బటన్ ఎడమ చేతిలో పట్టుకుని, మాట సూటిగా తగిలిన క్షణాన నొక్కినవి. వినేవాళ్ల ముఖాలు. ఫొటోలో పడటం ఇష్టం లేనివాళ్లు ఎడమ వరసలో కూర్చోండి అని మొదటి రోజే చెప్పాను. ఇద్దరు కూర్చున్నారు, తర్వాత వాళ్లూ ఇటు వచ్చేశారు. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. బోధ ఎలా పట్టుబడిందో ఇదీ అలాగే, తప్పులు చేస్తూ, తిట్లు తింటూ పట్టుబడింది. అయినా ఏ ఫొటోగ్రాఫరుకూ దొరకని చోట నిలబడ్డాను. వాక్యం మనిషిలోకి దిగేటప్పుడు ఆ మనిషికి ఎదురుగా ఉండేది బోధకుడు ఒక్కడే. అది నేను చూశాను, లోకం కూడా చూడాలి. చూపించి తీరతాను. ప్రదర్శనకు ఏప్రిల్ మొదటి శనివారం నుంచి హాలు ఇచ్చారు.

మా ఆమె నిన్న కూడా ఆరాధనకు రాలేదు. మోకాలి నొప్పట.

మార్చి 5, బుధవారం

ఫొటోలన్నీ అరచేతి సైజులో వేయించి తెచ్చాను. వేసింది 'నవ్వండి'. స్టూడియో అతని అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో. గుర్తింపు కార్డు ఫొటోకి వచ్చినవాణ్ణి కూడా నవ్వండి అంటాడు కాబట్టి అందరికీ అతను నవ్వండే.

మధ్యాహ్నం డెలివరీలు పంపేశాక ఇస్త్రీ బల్ల ఖాళీ చేసి పరిచాను. ఎలా వడగట్టాలి అని ఆలోచించి, విత్తనాల ఉపమానం తెరిచాను. దారి ఇచ్చింది. నాలుగు గుట్టలు. దారి పక్కన పడ్డవి, రాతి నేల, ముళ్లు, మంచి నేల. ఒక్కో ముఖం చేతిలోకి తీసుకుని, వాక్యం ఇందులో ఏ నేల మీద పడిందో చూసి, ఆ గుట్టలో వేయడం. ఫొటో వెనక దానికి తగిన వాక్యం అధ్యాయం, వచనం అంకెల్లో రాయడం. గోడ మీద కూడా పేర్లు ఉండవు, ఆ అంకెలే ఉంటాయి. మంచి నేలలో మిగిలిన ఇరవై గోడకెక్కుతాయి. ఇంత తేలికైన పద్ధతి ఈ ఫొటోల వాళ్లకెవరికీ తట్టలేదంటే ఆశ్చర్యం లేదు. వాళ్లు వెలుతురు చూస్తారు.

ఆమె దుప్పట్ల మూటతో వచ్చి బల్ల వైపు చూసి, కళ్లతోనే ఎక్కడ మడవను అని అడిగింది. నేను నేల చూపించాను. తప్పే.

మార్చి 9, ఆదివారం

మళ్లీ రాలేదు. మూడో బెంచీ చివర, కిటికీ పక్క, ఆమె చోటు ఖాళీ. పక్కన కూర్చునే టైలరక్క తన సంచీ అక్కడ పెట్టుకుంది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నన్ను మెట్ల పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, చెల్లెమ్మకి ఒంట్లో బాలేదా?"

"మోకాలు."

"మొన్న కూరగాయల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని మీ మెట్లెక్కుతోందే. నేను తప్పు పట్టడం లేదు. నలుగురూ అనుకుంటున్నారు. సొంత ఇంటిని తీసుకురాలేనివాడు మనకేం చెబుతాడని."

"ఆ నలుగురూ ఎవరన్నా?"

"నలుగురంటే నలుగురే. లెక్కలు అడక్కు. వచ్చే నెల సంఘ సమావేశంలో ఆ మాట లేవకుండా చూసుకో, అంతే."

ఇంటికొచ్చి గట్టిగా అడిగాను. వచ్చే ఆదివారం వస్తున్నావా లేదా అని. కూర కలుపుతూ, అయిపోయింది, వడ్డిస్తున్నా అంది. మాట దాటేయడం అంటే అదీ.

మార్చి 10

ప్రార్థించాను. కోపం తగ్గలేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను.

మార్చి 12, బుధవారం

ఈరోజు ఆమె ఉన్న ఫొటోలు చేతికొచ్చాయి. దాదాపు అన్నిట్లో ఉంది, మూడో బెంచీ కదా, లెన్సుకి ఎదురుగా. మొదట్లో తీసినవాటిలో ఆ చూపు నా మీద మేకు కొట్టినట్టుంది. చుట్టూ ఎవరు దగ్గినా, ఏ పిల్ల ఏడ్చినా, ఆ కళ్లు కదలలేదు. అలా వినే మనిషి ఒక్కరుంటే చాలు, బోధకుడు తెల్లారేదాకా మాట్లాడగలడు.

తర్వాతవి చూడు. టైలరక్క ముఖం వైపు. ముందు బెంచీవాళ్ల వీపుల వైపు. కిటికీ వైపు. గోడ గడియారం వైపు. నా వైపు ఒక్కసారి లేదు. ఏడాది పైగా ఇలాగే ఉందా, నేనేం చూస్తున్నాను ఇన్నాళ్లూ. ఆ ఏడాదే కదా నా బోధలో పదును పెరిగిందని అందరూ అన్నది. గొంతు ఆఖరి బెంచీ దాటి వీధిలోకి వినబడుతోందన్నారు. వీధి విన్నది, నా ఇల్లు వినలేదు.

సొంత భార్య అని చూసీ చూడనట్టు పోతే నేనేం బోధకుణ్ణి. రాతి నేల గుట్టలో వేశాను. వెనక నులివెచ్చని సంఘానికి వచ్చిన హెచ్చరిక అంకెలు రాశాను.

మార్చి 13, గురువారం

చూసింది.

నేను పెద్ద మిషన్‌లోకి హోటలు దుప్పట్లు కుక్కుతున్నాను. వచ్చి ఆ ఫొటో మిషన్ మూత మీద పెట్టింది. అంకెలు పైకి. ఆమెకు గ్రంథం తెరవక్కర్లేదు. మా పెళ్లి నాటికి నాకంటే ఎక్కువ వచ్చు.

"వేడీ లేదు, చల్లదనమూ లేదు, అందుకని నోట్లోంచి ఉమ్మేస్తారు. నేనేగా అది?"

నేను దుప్పట్ల వైపే చూస్తూ చెప్పాను. అది నీ మీద రాసింది కాదు, ఆ చూపు మీద రాసింది, నువ్వే సరిచేసుకోవచ్చు, అలాంటివేవో. చాలాసేపు చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను.

"ఇటు తిరిగి చెప్పండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎదురుగా నిలబడి అనే ధైర్యం నీకుందా అని సవాలు చేసినట్టు. తిరగలేదు.

"ముప్పై ఏళ్లు కాపురం చేసి ముఖం చూసి తిట్టడానికి కూడా పనికిరానా" అంది. ఆమె గొంతు పెంచలేదు. "సరే. మీ ఇరవైలో నన్ను పెట్టకండి. మూలన నా భుజం పడ్డది కూడా పెట్టకండి. నేనిక ఆ బెంచీ మీద కూర్చోను. ఈ సారి మోకాలు అని కూడా చెప్పను."

డ్రయ్యర్ల దగ్గరకు వెళ్లిపోయింది.

మార్చి 14

మాటల్లేవు. కొట్టులో మాకు మాటలతో పని పడదు కూడా. డ్రయ్యర్ల హోరులో అరిచినా వినబడదని పెళ్లైన కొత్తలోనే సైగలు కట్టుకున్నాం. రెండు వేళ్లు దుప్పట్లు, అరచేయి బోర్లిస్తే ఇస్త్రీ, మెడ నిమిరితే కాలరు. ఈరోజు కూడా అన్ని సైగలూ చేసింది. ఒక్కటి తప్పు పోలేదు. అదే భరించలేకపోయాను.

మార్చి 16, ఆదివారం

కఠినమైన మెడల గురించి బోధించాను. ముందు బెంచీవాళ్లు వంచారు. ఏం ప్రయోజనం.

ఆమె లేకుండానే ఇరవై ఎంచుతాను. ప్రదర్శన ఆగదు.

మార్చి 18, మంగళవారం

ఏదైనా చెడితే ఉంటాయని నాలుగు ఎక్కువే, ఇరవై నాలుగు ఎంచి నవ్వండి దగ్గరకు పట్టుకెళ్లాను, అంచులు కత్తిరించే చోట గీతలు పెట్టి. ఆమె కనబడకుండా కత్తిరించాలంటే పక్క మనిషి చెవి పోతోంది, భుజం పోతోంది. అతను ఒక్కొక్కటీ లైటు కింద పెట్టి చూశాడు.

"గురువుగారూ, అమ్మగారి మీద ఈ పగేంటి? పేకాటలో రాణీని తీసేసినట్టు తీసేశారు."

"కత్తిరించమన్న చోట కత్తిరించు."

"చేస్తాను, నాదేం పోయింది. మరి ఈ కింద మూల నల్లటి గడ్డ ఏంటి? కొన్నిట్లో ఉంది, కొన్నిట్లో లేదు."

"మైకు. పోయిన సంవత్సరం సంఘం కొనిచ్చింది. దానికి ముందువాటిలో ఉండదు."

"అలా అయితే రెండు రకాల కొలతలు. మైకున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క వేయండి. కలిపి ఇస్తే నేను తప్పు కోస్తాను, తర్వాత మీరు నరకం అంటారు."

వేశాను. ఎంచినవే కాదు, సంచీలో ఉన్న గుట్టలు కూడా తీసి అన్నీ వేశాను. నేల రకం చూడలేదు, వాక్యం చూడలేదు. నల్ల గడ్డ ఉందా లేదా, అంతే. పూర్తయ్యేసరికి అతని బల్ల మీద ఆమె రెండుగా విడిపోయి ఉంది.

గడ్డ లేని పక్క, ప్రతి ఫొటోలో నన్నే చూస్తోంది.

గడ్డ ఉన్న పక్క, ఒక్కదాంట్లో కూడా లేదు.

నాకు మొదట తోచింది ఏంటంటే, మైకుతో నాకు గర్వం వచ్చింది, ఆమె ఆత్మ దాన్ని పసిగట్టి తిరస్కరించింది అని. ఆ మాటే పైకి అన్నాను కూడా. నవ్వండి తల గోక్కున్నాడు.

"ఆత్మ సంగతి నాకు తెలీదు. ఆవిడ పక్కావిడ ముఖం వైపు చూస్తున్నట్టున్నారు గానీ, ముఖం కాదు గురువుగారూ. మూతి వైపు చూస్తున్నారు. చూడండి, ఇందులోనూ అంతే, ఇందులోనూ అంతే. ఆ పక్కావిడ మీ వెంట ఏమన్నా చదువుతూ ఉంటుందా?"

టైలరక్క నేను చెప్పే ప్రతి వాక్యాన్నీ నాతోపాటు పెదవులు కదుపుతూ చెబుతుంది. ఎప్పుడూ అంతే. అందరికీ తెలుసు.

ఫొటోలు అక్కడే వదిలేసి వచ్చాను.

మార్చి 19, బుధవారం

పొద్దున కొట్టు తెరవక ముందు. మిషన్లు ఏవీ తిరగడం లేదు. ఆమె నాకు వీపు పెట్టి తువ్వాళ్లు మడుస్తోంది. తలుపు దగ్గర నిలబడి పిలిచాను, మామూలుగా. మడుస్తోంది. రెండడుగులు ముందుకేసి పిలిచాను. మడుస్తోంది. వేదిక మీద పిలిచే గొంతుతో పిలిచాను, పాపుల్ని పిలిచే గొంతు. వీధిలో పాలవాడు సైకిలు ఆపి చూశాడు.

ఆమె తువ్వాలు అంచులు కలిపింది, చేత్తో ఒత్తింది, దొంతి మీద పెట్టింది.

చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లాను. నా ముఖంలో ఏముందో, చేతిలో తువ్వాలు కింద పెట్టేసింది.

"నీకు వినబడటం లేదా?"

"ఇప్పుడు వినబడింది."

"నేను అడిగేది అది కాదు."

కుర్చీలో కూర్చుంది. "ఎదురుగా ఉంటే తెలుస్తుంది. పెదవులు చూస్తే చాలావరకు తెలుస్తుంది. మీవైతే పూర్తిగా తెలుస్తుంది, మీరు నోరంతా తెరుస్తారు. ఆ మైకు తెచ్చి మూతికి అడ్డం పెట్టుకున్న రోజు నుంచి మీరు ఏం చెబుతున్నారో నాకు ఒక్క ముక్క అందలేదు. హోరు తప్ప. మొదట్లో టైలరక్క మూతి చూసి లాక్కొచ్చాను. ఆవిడ వాక్యాలు చెబుతుంది గానీ మీ మాటలు చెప్పదుగా. అందరూ నవ్వాక నేను నవ్వుతున్నాను. అందరూ లేచాక లేస్తున్నాను. చెట్టంత మనిషిని, ఇంకెన్నాళ్లు నటించను?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తారో నాకు తెలీదా? ఆదివారం నన్ను ముందుకు పిలుస్తారు. చెవుల మీద చేతులు పెడతారు. అందరి ముందూ. నయం కాలేదనుకోండి, దీనికి విశ్వాసం తక్కువ అంటారు. మీరు అనరు, ఆ నలుగురూ అంటారు. లేదంటే మొగుడి అరుపులకే పోయాయంటారు. అది మాత్రం కొంత నిజమే అవ్వచ్చు."

నేను నవ్వలేదు. నా కుడి చేయి అప్పటికే సగం లేచి ఉంది, ఆమె తల వైపు. ఆమె ఆ చేతినే చూస్తోంది. దించుకున్నాను. ఇన్నేళ్ల బోధలో నాకు ఇంత బరువైన పని తగల్లేదు, ఆ చేయి దించడం.

మార్చి 20

చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లాం. డ్రయ్యర్ల హోరుకి ఏళ్ల తరబడి అరిగిందట, పోయింది తిరిగి రాదట. చెవి వెనక పెట్టుకునేది ఒకటి ఇస్తారు, కొలతలు తీసుకున్నారు, రావడానికి వారాలు పడుతుంది. డాక్టరు ప్రతిసారీ నా వైపు తిరిగి చెబుతున్నాడు. మూడోసారి నేను ఆయన కుర్చీని పట్టుకుని ఆమె వైపు తిప్పాను.

నన్ను కూడా పరీక్ష చేయించుకోమన్నాడు. తర్వాత చూద్దాం.

మార్చి 23, ఆదివారం

మైకు స్టాండును ఛాతీ కిందకు దించి బోధించాను. వెనక నుంచి "వినబడట్లేదన్నా" అన్నారు. వేదిక దిగి బెంచీల మధ్యకు వెళ్లి చెప్పాను. సంఘ పెద్ద కళ్లు చిట్లించాడు. మూడో బెంచీ చివర సంచీ అలాగే ఉంది. ఆమె రాలేదు. మైకు దించానని ఇంటికొచ్చి చెబితే, నా కోసం మీ కొత్త పెళ్లికూతుర్ని పక్కన పెట్టారా అంది. వస్తానని మాత్రం అనలేదు.

మార్చి 25, మంగళవారం

నవ్వండి దగ్గర్నుంచి ఫొటోలన్నీ తెచ్చి, గుట్టలు నాలుగూ కలిపేసి, ఆమె ముందు పోశాను. "నువ్వే ఎంచు. నిన్ను పెట్టాలా వద్దా అన్నది కూడా నువ్వే చూడు." ఇది నులివెచ్చగా ఒప్పుకున్నది కాదు, ప్రదర్శన సరిగ్గా రావాలని ఒప్పుకున్నది. నా కంటితో ఇది తేలదని తెలిసిపోయింది.

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. తర్వాత జరిగింది ఊచకోత.

"ఇది తీసేయండి."

"అది నా మంచి నేల. ఆ తల్లి కన్నీళ్లు చూడు."

"ఆవిడ ఏడ్చింది మీ మాటకి కాదు. ఆ వారం వాళ్ల కుక్క చచ్చిపోయింది. ఫొటో మంచిదే, మీరు అనుకున్నందుకు కాదు. సరే, ఉంచండి. ఇది తీసేయండి."

"ఎందుకు, ఆ కళ్లు మూసుకున్న భక్తి..."

"నిద్ర. కుడి చేయి ఒళ్లోంచి జారిపోయింది చూడండి. ప్రార్థించేవాడి వేళ్లు అలా విప్పుకోవు."

"సంఘ పెద్దాయనది మాత్రం తీయకు."

"ఆయన మీ మాట ఎప్పుడూ వినలేదు. ఎవరెవరు వింటున్నారా అని చూస్తుంటారు. ఎన్ని ఆదివారాలు చూశాను."

అందరూ నా మాట విన్న ఏడాది, ఆమె అందర్నీ చూసింది. చూడటం తప్ప మరో పని లేక. ఎవరు ఎప్పుడు నిజంగా విన్నారో, ఎవరు మర్యాదకు తలూపారో, ఎవరి ఊగే మోకాలు ఏ మాటకు ఆగిపోయిందో ఆమెకు వేళ్ల చివర ఉంది. నా ఇరవై నాలుగులో మిగిలింది ఆరు. దారి పక్కన పారేసినవాటిలోంచి, ముళ్లలోంచి ఒక్కొక్కటే లాగి ఇవతల పెట్టింది. ఆవులింత మధ్యలో ఆగిపోయిన ఒక ముసలాయన నోరు. చెప్పు పట్టీ పెట్టుకుంటూ తల పైకెత్తిన పిల్ల. ఇవా అన్నాను. ఇవే అంది. కొంతసేపు చూశాక నాకూ కనబడింది.

ఆఖరున తనది ఒకటి తీసింది. టైలరక్క మూతి వైపు చూస్తున్నది.

"ఇది పెట్టండి."

"అడుగుతారు. ఎటు చూస్తోంది అని."

"అడగనివ్వండి. నేనే చెబుతాను. మీరు మధ్యలో దూరి బోధ చేయకండి, అంతే." మళ్లీ లెక్క చూసుకుంది. "పందొమ్మిది. ఒకటి తక్కువ."

"ఇంకోటి తీయి."

"ఇందులో లేదు. వీళ్లందరూ ఎవరినో చూస్తున్నారు. ఆ మనిషి ఏడి?"

మార్చి 30, ఆదివారం

వచ్చింది. టైలరక్క సంచీ తీసి కింద పెట్టి, "వదినా, నీ చోటు వేడిగా ఉంచాను" అంది. అందరూ వినేలాగే అంది. మా ఆమె ఆవిడ ముఖం చూస్తూ, "నువ్వు కాస్త మెల్లిగా చెబుతూ ఉండు, నాకు చెవులు పోయాయి, నీ మూతే నా దిక్కు" అంది, ఇంకా గట్టిగా. ముందు బెంచీలు వెనక్కి తిరిగాయి. టైలరక్క ఆమె వైపు జరిగి, "అయితే ఇన్నాళ్లూ నా అందం చూస్తున్నావనుకున్నానే" అంది.

అదీ అయిపోయింది. అంత సులువుగా. నేనైతే దానికి గంట బోధ చేసేవాణ్ణి.

సంఘ పెద్ద వచ్చి వేదిక పక్కన నా చెవిలో అడిగాడు, ప్రార్థన పెట్టిద్దామా, ముందుకు పిలుద్దామా అని. ఆమె తన చోట్లోంచి ఆయన పెదవులు చూసి, నా వైపు చూసింది.

"ఆమె అడిగితే పెడదాం" అన్నాను.

"సంఘం ఏమనుకుంటుంది తమ్ముడూ?"

"సమావేశంలో అడగండన్నా. ఆమె కూడా వస్తుంది. ఎదురుగా కూర్చుని అడగండి, అన్నీ చెబుతుంది."

ఆయన వెళ్లి కూర్చున్నాడు. కెమెరా ఈసారి వేదిక మీద లేదు, ఆమె ఒళ్లో ఉంది. ఎడమ చేతిలో బటన్ లేకపోతే ఆ చేయి ఏం చేయాలో నాకు తెలియలేదు. కాసేపు జేబులో పెట్టుకున్నాను. ఆమె క్లిక్కుమనిపిస్తూనే ఉంది, సిగ్గు లేకుండా, పెళ్లి ఫొటోలవాళ్ల మాదిరి.

ఏప్రిల్ 1, మంగళవారం

నవ్వండి తెర మీద వేసి చూపించాడు. ఆమె తీసిన నేను. కుప్పలు కుప్పలు. నన్ను నేను ఇంతసేపు ఎప్పుడూ చూసుకోలేదు. చేయి పైకెత్తి, కనుబొమలు ముడిచి, నోరు గుహలా తెరిచి ఉన్నది ఒకటి చూసి ఆపమన్నాను. పాతకాలపు ప్రవక్తలా ఉంది.

"ఇది. ఇదే పెడదాం."

"గురువుగారూ, పిల్లలు జడుసుకుంటారు" అన్నాడు నవ్వండి.

ఆమె అతని భుజం తట్టి ముందుకు పోనివ్వమంది. ఇంకా, ఇంకా. ఒకచోట ఆపింది. అందులో ఏమీ లేదు. చేతులు కిందకు వేలాడుతున్నాయి. చెమట. నోరు మూసి ఉంది.

"ఇదా? ఇందులో నేను మాట్లాడటం లేదు."

"లేదు."

"మాట్లాడని బోధకుణ్ణి ఏం చేసుకుంటారు?"

ఆమె నా ముఖం వైపు పూర్తిగా తిరిగింది, నేను కూడా తిరిగాను, ఈ మధ్య అలవాటవుతోంది.

"మిగతావాటిలో చెబుతున్నారు. ఇక్కడ చెప్పి ఆగారు. ఆగి నా వైపు చూశారు, అందిందా లేదా అని. ముప్పై ఏళ్లలో మొదటిసారి. వదులుకుంటానా?"

నవ్వండి దాన్ని పెద్ద సైజులో వేశాడు. నన్ను నవ్వమనలేదు.